అర సెకను ఆలస్యం ఎందుకయింది?

2024 మార్చి నెలాఖర్లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన లినక్స్ మెషీన్ మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వేగాన్ని కొలుస్తున్నాడు. చిన్న చిన్న తేడాలు కూడా లెక్కకు అందాలంటే మెషీన్‌లో మిగతా సందడంతా సద్దుమణగాలి. ఒకటి మాత్రం సద్దుమణగలేదు. దూరం నుంచి లాగిన్ అయ్యేందుకు వాడే ఎస్ఎస్‌హెచ్ సర్వీసు ఉండాల్సినదానికంటే ఎక్కువ ప్రాసెసర్ వాడుకుంటోంది. ఇంటర్నెట్‌కి తగిలించిన ఏ మెషీన్ మీదైనా ముక్కూమొహం తెలియనివాళ్లు ఏవేవో పేర్లతో లాగిన్ కావాలని ప్రయత్నిస్తూనే ఉంటారు, అదేమీ వింత కాదు. కానీ లేని పేరుతో వచ్చినవాణ్ని తిప్పి పంపడానికి అంత పనేముంది? టైము కొలిచి చూశాడు. 0.3 సెకన్లలో తేలిపోవాల్సిన లాగిన్‌కి 0.8 సెకన్లు పడుతోంది. ఆ అర సెకను ఎక్కడ పోతోందని వెతుక్కుంటూ లోపలికి వెళ్తే ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ దగ్గర తేలాడు. దాని 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని దొంగదారి పెట్టారు. సరైన రహస్య కీ చేతిలో ఉన్నవాళ్లు ఆ దారిన వచ్చి సర్వర్ మీద తమకిష్టమైన ఆదేశం నడిపించుకోవచ్చు. మార్చి 29న ఫ్రాయిండ్ ఈ సంగతి బయటపెట్టేనాటికి ఆ వెర్షన్లు డెబియన్, ఫెడోరా అనే లినక్స్ పంపిణీల పరీక్షా విడుదలల్లోకి వచ్చేశాయి. ఇంకొన్ని నెలలు ఎవరూ గమనించకపోతే లెక్కలేనన్ని సర్వర్లలోకి చేరిపోయేవి.

ఫ్రాయిండ్ సెక్యూరిటీ నిపుణుడు కాదు, డేటాబేస్ ఇంజనీరు. ఆయనకు ఉన్నదల్లా తన మెషీన్ మామూలుగా ఎలా నడుస్తుందో క్షుణ్ణంగా తెలిసి ఉండటం, తేడా కనిపిస్తే వదిలిపెట్టకపోవడం, లోపలికి వెళ్లి చదవడానికి సోర్స్ కోడ్ అందుబాటులో ఉండటం. కంప్యూటర్ అంటే ఇష్టం ఉండి, ఆ ఇష్టాన్ని నెట్‌వర్క్ సెక్యూరిటీ వైపు తీసుకెళ్దామనుకునే వాళ్లకు ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. దాడి చేయడం నేర్చుకోవడంతో ఈ చదువు మొదలవదు. ఆరోగ్యంగా ఉన్న వ్యవస్థ ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకోవడంతో మొదలవుతుంది. నాడి పట్టి జబ్బు చెప్పే వైద్యుడికి ముందు జబ్బు లేని మనిషి నాడి ఎలా కొట్టుకుంటుందో వేళ్లకు తెలిసి ఉండాలి కదా. ఆ తెలివిడి సంపాదించుకోవడానికి ఓపెన్ సోర్స్‌ని మించిన బడి సామాన్యుడికి ఇంకొకటి లేదని నా నమ్మకం. నమ్మకం అన్నాను కాబట్టి దానికి ఆధారాలు చూపించాలి, ఎదురు ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

ఒక్క ఫ్రాయిండ్‌ని చూసి సిద్ధాంతం కట్టేస్తున్నానని ఎవరైనా అనవచ్చు. అందుకే కొన్ని దశాబ్దాలు వెనక్కి వెళ్దాం. 1986 ఆగస్టులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కంప్యూటర్ వాడకానికి వేసే బిల్లుల్లో 75 సెంట్ల తేడా వచ్చింది. ఆ లెక్క తేల్చమని కొత్తగా చేరిన క్లిఫర్డ్ స్టోల్‌కి అప్పగించారు. ఆయన ఖగోళ శాస్త్రవేత్త. పరిశోధన గ్రాంటు అయిపోవడంతో కంప్యూటర్ సెంటర్‌కి వచ్చి పడ్డాడు. 75 సెంట్లే కదా అని కొట్టేసి ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆయన వదల్లేదు. ఎవరి లెక్కలోనూ లేని ఒక వాడకందారు లోపల తిరుగుతున్నాడని తేలింది, ఆ జాడ చివరికి పశ్చిమ జర్మనీలోని హానోవర్ నగరం దాకా, అక్కడినుంచి సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి సమాచారం అమ్ముతున్న ముఠా దాకా వెళ్లింది. ఇందులో మనకు పనికొచ్చే ఇంకో చిన్న విషయం ఉంది. ఆ చొరబాటుదారు అధికారాలన్నీ చేజిక్కించుకున్నది జీఎన్‌యూ ఈమ్యాక్స్ అనే ఎడిటర్‌తో పాటు వచ్చే, ఉత్తరాలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిపే మూవ్‌మెయిల్ అనే చిన్న ప్రోగ్రామ్ ద్వారా. అక్కడ దానికి ఉండాల్సినదానికంటే ఎక్కువ అధికారం ఇచ్చి పెట్టారు. ఈమ్యాక్స్ కూడా అందరికీ తెరిచి ఉన్న సాఫ్ట్‌వేరే. అంటే కోడ్ తెరిచి ఉన్నంత మాత్రాన భద్రత దానంతటదే రాదు. ఈ మాట మనసులో ఉంచుకోండి, మళ్లీ దీని దగ్గరకు రావాలి.

మరి మామూలుగా ఎలా ఉంటుందో తెలుసుకోవడం ఎలా? ముందు మీ సొంత నెట్‌వర్క్‌ని చూడండి. 1990ల చివర్లో జెరాల్డ్ కోంబ్స్ కాన్సాస్ సిటీలో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో పనిచేసేవాడు. తీగల్లో ఏం పోతోందో చూపించే సాధనం ఆయనకు కావలసి వచ్చింది. మార్కెట్లో ఉన్నవాటి ధర 1,500 డాలర్ల దాకా ఉండేది, పైగా తన దగ్గరున్న సిస్టమ్‌ల మీద అవి నడవవు. తనే రాసుకుని 1998లో ఎథీరియల్ పేరుతో అందరికీ ఇచ్చేశాడు. 2006లో పేరు మారి వైర్‌షార్క్ అయింది. ఈ రోజు మీరు పైసా ఖర్చు లేకుండా దింపుకుని వాడగలిగే ఆ సాధనమే పెద్ద పెద్ద సంస్థల నెట్‌వర్క్ ఇంజనీర్ల చేతిలోనూ ఉంటుంది. హాబీగా నేర్చుకునేవాడికీ వృత్తిగా చేసేవాడికీ పనిముట్టు ఒకటే కావడం చాలా రంగాల్లో ఊహించలేని సంగతి.

వైర్‌షార్క్‌తో మొదటి వారం చేయాల్సిన పని ఇది. వైఫైలో మామూలుగా మీ కంప్యూటర్ రాకపోకలే మీకు కనిపిస్తాయి, కాబట్టి ల్యాప్‌టాప్‌లోనే హాట్‌స్పాట్ పెట్టి, దానికి మీ ఫోన్‌ని కలపండి. ఫోన్ కలిసిన మొదటి క్షణంలోనే నాలుగు ఉత్తరాలు అటూ ఇటూ నడుస్తాయి. నాకో అడ్రస్ ఎవరైనా ఇస్తారా అని ఫోన్ అందరినీ అడుగుతుంది, ఇదిగో ఇది తీసుకో అని హాట్‌స్పాట్ అంటుంది, సరే అదే నాకివ్వు అని ఫోన్ మళ్లీ అడుగుతుంది, ఇచ్చాను అని జవాబొస్తుంది. ఇదే డీహెచ్‌సీపీ. ఆ వెంటనే ఈ అడ్రస్ ఎవరిదని ఏఆర్‌పీ ప్రశ్నలు బయల్దేరతాయి. పేరు చెప్పి అడ్రస్ తెలుసుకునే పద్ధతి డీఎన్ఎస్. ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ లేకపోతే ఏ యాప్ ఏ సర్వర్ పేరు అడుగుతోందో చదువుకోవచ్చు. మీరు వేలు కూడా పెట్టకుండా పక్కన పెట్టిన ఫోన్ నిమిషంలో ఎన్ని చోట్లకి కబురు పంపుతుందో చూస్తే ఆశ్చర్యపోతారు. ఆ తర్వాత మూడు అడుగుల టీసీపీ పలకరింపు: సిన్, సిన్-యాక్, యాక్. దాని మీద, సమాచారాన్ని గుప్తంగా మార్చే టీఎల్ఎస్ మొదలవుతుంది. అందులో మొదటి సందేశంలో చాలాసార్లు సర్వర్ పేరు బాహాటంగా కనిపిస్తుంది, ఆ పలకరింపు పూర్తయ్యాక నడిచేదంతా గుప్తంగా మారిపోతుంది. బ్యాంకు యాప్‌లో మనం రాసేది ఎవరూ చదవలేరు గానీ ఏ బ్యాంకుకి వెళ్లామో మాత్రం దారిలో ఉన్నవాళ్లకు తెలుస్తుందన్న నిజం పుస్తకంలో చదివితే ఒకలా ఉంటుంది, మీ ఫోన్ పంపిన ప్యాకెట్‌లో చూస్తే ఇంకోలా నాటుకుంటుంది. నెల రోజులు ఇలా చూస్తే, కొత్తగా వేసిన ఒక యాప్ రాత్రి రెండింటికి తెలియని పేరు అడగడం మీ కంటికి ఇట్టే ఆనుతుంది. అలా ఆనడానికి ఏ కోర్సూ అక్కర్లేదు, ఆ నెల రోజుల పరిచయం చాలు.

నెట్‌వర్క్ తర్వాత మెషీన్. పాత ల్యాప్‌టాప్ ఒకటి దొరికితే డెబియన్ వేసి, ఏయే ప్రోగ్రాములు ఏయే పోర్టుల్లో వింటున్నాయో ఎస్ఎస్ అనే ఆదేశంతో అడగండి. వచ్చిన ప్రతి వరసకూ, ఇది ఎందుకు ఉంది, ఎవరు పెట్టారు, తీసేస్తే ఏమవుతుంది అనే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలగాలి. 127.0.0.1 దగ్గర వింటున్న ప్రోగ్రాముతో ఆ మెషీన్‌లో ఉన్నవాళ్లే మాట్లాడగలరు, 0.0.0.0 దగ్గర వింటుంటే దాన్ని చేరగలిగిన ఎవరైనా మాట్లాడవచ్చు. ఈ ఒక్క తేడా గమనించక లోపలే ఉండాల్సిన డేటాబేస్‌ని వీధిలో పెట్టినవాళ్లున్నారు. అలాగే ఇంటి రౌటర్‌నీ, గోడకున్న కెమెరానీ చూడండి. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రామ్ లక్షల కొద్దీ కెమెరాలనూ రౌటర్లనూ లొంగదీసుకుంది. అందుకు గొప్ప విద్యలేమీ వాడలేదు. తయారీదారులు పెట్టిన, ఎవరూ మార్చని 60 చిల్లర యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలను వరసగా ప్రయత్నించింది. ఆ అక్టోబర్‌లో డైన్ అనే డీఎన్ఎస్ సంస్థ మీద వాటితో చేసిన దాడికి అమెరికాలో పేరున్న ఎన్నో సైట్లు గంటల తరబడి అందకుండా పోయాయి. మీ ఇంట్లో వస్తువు ఇంకొకరి మీద దాడికి పనిముట్టు కాకుండా చూసుకోవడం కూడా నెట్‌వర్క్ సెక్యూరిటీయే. ఈ చదువులో పక్కింటివాళ్లకు వెంటనే పనికొచ్చే భాగం అదే.

మూడోది కోడ్ చదవడం. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. లక్షల లైన్లున్న ప్రోగ్రామ్ ఎక్కడ మొదలుపెట్టి చదువుతాం అని భయం. మొదటినుంచి చదవకండి, ఒక గాయం మానిన చోట మొదలుపెట్టండి. అందుకు హార్ట్‌బ్లీడ్ అనే లోపం కన్నా మంచి పాఠం నాకు తెలియదు. టీఎల్ఎస్‌లో హార్ట్‌బీట్ అనే చిన్న ఏర్పాటుంది: అవతలివాడు ఇంకా ఉన్నాడో లేడో తెలుసుకోవడానికి కొంత సమాచారం పంపి, అదే తిరిగి పంపమని అడుగుతారు. పంపిన సమాచారం ఎంత పొడుగో కూడా చెప్పాలి. టీఎల్ఎస్‌ని నడిపే ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో రాసిన కోడ్ ఆ చెప్పిన పొడుగుని నమ్మేసింది. మూడు అక్షరాలు పంపి, పంపింది 64 వేల అక్షరాలని బొంకితే, సర్వర్ తన మెమరీలో పక్కనున్న 64 కిలోబైట్ల దాకా తోడి పంపేది. అందులో పాస్‌వర్డ్‌లుండొచ్చు, సర్వర్ రహస్య కీలే ఉండొచ్చు. దిద్దుబాటు చూస్తే, అసలు విషయం కొద్ది లైన్లే: వచ్చిన సందేశం నిజంగా అంత పొడుగుందా అని ఒక పోలిక, లేకపోతే మాట్లాడకుండా పారేయడం. ఆ లైన్లు ముందు పెట్టుకుని, పాత కోడ్ పక్కన పెట్టుకుని, ఏ లైను దగ్గర అపనమ్మకం ఉండాలో వేలు పెట్టి చూపించగలిగేదాకా చదవండి. ఇలాంటివి పది చదివితే, కొత్త కోడ్ చూసినప్పుడు బయటివాడి మాట ఎక్కడ నమ్ముతున్నారు అన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది.

ఇక్కడే మొదటి ఎదురు ప్రశ్న వస్తుంది, అది బలమైనదే. హార్ట్‌బ్లీడ్ ఉన్న వెర్షన్ 2012 మార్చిలో విడుదలైంది. లోపం బయటపడింది 2014 ఏప్రిల్ 7న. రెండేళ్ల పాటు కోడ్ అందరి కళ్లముందే ఉంది కదా, అందరూ చూస్తే లోపాలు దాగవన్న మాట ఏమైంది? ఆ మాట సగమే నిజమని ఒప్పుకోవాలి. అందరూ చూడవచ్చు అనేదానికీ ఎవరో ఒకరు చూశారు అనేదానికీ మధ్య చాలా దూరం ఉంది. ప్రపంచమంతా ఆధారపడిన ఓపెన్ఎస్ఎస్ఎల్‌కి ఆ రోజుల్లో ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు, పూర్తికాలం పనిచేసేది ఒక్క మనిషి. వాడేవాళ్లు కోట్లలో, చదివేవాళ్లు వేళ్ల మీద. ఎక్స్‌జెడ్ సంగతీ అంతే. దాన్ని ఏళ్ల తరబడి దాదాపు ఒంటరిగా మోసిన మనిషి అలసిపోయి ఉన్న సమయం చూసి, 2021 నుంచి సాయం చేస్తున్నట్టు నటించి, నమ్మకం సంపాదించి, విడుదలలు చేసే అధికారం తెచ్చుకున్నారు దొంగదారి పెట్టినవాళ్లు. ఆ పెట్టడంలోనూ ఎంత జాగ్రత్త పడ్డారో చూడండి. అందరూ చదివే కోడ్‌లో కీలకమైన మెలిక పెట్టలేదు, విడుదల చేసే ప్యాకేజీలో మాత్రమే కలిపారు, అసలు సరుకుని పరీక్షల కోసం ఉంచిన ఫైళ్లలో దాచారు. ఇదంతా ఓపెన్ సోర్స్ మీద ఫిర్యాదులా వినిపిస్తుంది. నాకు మాత్రం ఇది కొత్తగా వచ్చేవాళ్ల అవసరం ఎంతుందో చెప్పే సాక్ష్యంలా కనిపిస్తుంది. మేధావులు చాలక ఈ ప్రమాదాలు రాలేదు, ఓపిగ్గా చదివి, పరీక్షించి, విడుదలైన ప్యాకేజీని కోడ్‌తో పోల్చి చూసే మామూలు మనుషులు చాలక వచ్చాయి. హాబీగా వచ్చిన మనిషి మొదటి ఏడాదిలోనే అందించగల సాయం అది. కోడ్ మూసి ఉంటే ఫ్రాయిండ్ ఆ అర సెకనుని గమనించి ఊరుకోవాల్సిందే, వెంటపడటానికి దారి ఉండేది కాదు.

అయితే ఉత్సాహం ఒక్కటే చాలదు. డెబియన్ చరిత్రలోంచి ఒక ఉదాహరణ ఇస్తాను. వాల్‌గ్రిండ్ అనే పరీక్షా సాధనం ఉంది, ప్రోగ్రామ్ మెమరీని తప్పుగా వాడితే హెచ్చరిస్తుంది. 2006లో ఓపెన్ఎస్ఎస్ఎల్ మీద అది ఏదో హెచ్చరిస్తోందని డెబియన్‌లో ఆ ప్యాకేజీ చూసేవాళ్లు రెండు లైన్లు తీసేశారు. అసలు బృందాన్ని అడిగే తీశారు, అభ్యంతరమూ రాలేదు. కానీ ఆ లైన్లలో ఒకటి రహస్య కీల తయారీకి కావలసిన యాదృచ్ఛికతను కలిపే లైను. దాంతో డెబియన్‌లోనూ, దాని మీద ఆధారపడిన ఉబుంటులోనూ పుట్టే కీలకు మిగిలిన ఒకే ఒక్క తేడా ప్రాసెస్ నంబర్, అంటే ఒక్కో రకం కీకి 32,768 అవకాశాలు మాత్రమే. ఎవరైనా కూర్చుని అన్నీ ముందే తయారు చేసుకోవచ్చు. 2008 మేలో బయటపడేదాకా వాటిని వాడినవాళ్లు అలాంటి కీలతోనే తలుపులు వేసుకున్నారు. అదే వాల్‌గ్రిండ్ 2024లో ఎక్స్‌జెడ్ మీద కూడా ఫిర్యాదు చేసింది. కొన్ని వారాల ముందు పోస్ట్‌గ్రెస్ పరీక్షల్లో అలాంటి వింత ఫిర్యాదు ఒకటి వచ్చిందని ఫ్రాయిండ్‌కి గుర్తుంది, ఆలస్యం కనపడగానే రెండూ కలిపి ఆలోచించాడు. సాధనం రెండుసార్లూ గొంతెత్తింది. ఒకసారి నోరు మూయించారు, ఇంకోసారి ఎందుకు అరుస్తోందని అడిగారు. అందుకే కొత్తగా వచ్చేవాళ్లకు నా సలహా, మొదటి ఆరు నెలలు హెచ్చరికలు పోగొట్టే ప్యాచ్‌లు పంపకండి. ఆ హెచ్చరిక ఎందుకొస్తోందో వివరంగా రాసి పంపండి. ఆ వివరణే ఎక్కువ విలువైనది.

రెండో ఎదురు ప్రశ్న కుర్రాళ్లందరి మనసులో ఉంటుంది. దొంగల ఎత్తులు తెలియకుండా కాపలా ఎలా కాస్తాం, దాడి నేర్చుకోవద్దా? నేర్చుకోవాలి, తప్పకుండా. నేనంటున్నది వరస గురించి మాత్రమే. తెరిచి ఉన్న పోర్టులను వెతికే ఎన్‌మ్యాప్ సంగతే తీసుకోండి. గోర్డన్ లయన్ ఫ్యోదోర్ అనే పేరుతో 1997 సెప్టెంబర్‌లో ఫ్రాక్ పత్రికలో ప్రచురించిన ఆ ప్రోగ్రామ్ అప్పటికి సుమారు 2,000 లైన్లు. టీసీపీ పలకరింపులో మూడో అడుగు వేయకుండా ఆగిపోతే అవతలి మెషీన్ ఏం చేస్తుంది అన్న ప్రశ్న మీద అందులోని ప్రధానమైన స్కాన్ ఆధారపడింది. ఆ మూడు అడుగులు వైర్‌షార్క్‌లో చూసి ఉన్నవాళ్లకు ఆ స్కాన్ ఎందుకు పనిచేస్తుందో వెంటనే అర్థమవుతుంది. చూడనివాళ్లకు అది ఒక మంత్రం. మంత్రం పనిచేయని రోజున ఏం చేయాలో వాళ్లకు తెలియదు. హైదరాబాద్ అమీర్‌పేటలో నలభై సాధనాల పేర్లు నలభై రోజుల్లో నేర్పే కోర్సులు దొరుకుతాయి, వాటి వల్ల పేర్లు తెలుస్తాయి. అవి పనిచేసే కారణం తెలియాలంటే ముందు చెప్పిన నెల రోజులు గడపాల్సిందే.

చట్టం మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మన దేశంలో ఐటీ చట్టం 2000లో 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా ఒక కంప్యూటర్‌లోకి వెళ్లడమే నష్టపరిహారం చెల్లించాల్సిన తప్పు. అదే మోసపు బుద్ధితో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. నేర్చుకోవడానికే చేశానన్న మాట మొదటిదాని నుంచి తప్పించదు. కాలేజీ సర్వరూ, అపార్ట్‌మెంట్‌లో పైవాళ్ల వైఫై కూడా ఇంకొకరివే. మిరాయ్ రాసినవాళ్లు ఇరవై ఏళ్ల చుట్టుపక్కల వయసున్న కుర్రాళ్లు, గేమింగ్ సర్వర్ల గొడవల్లోంచి వచ్చారు, ప్రతిభలో ఎవరికీ తీసిపోరు. 2017లో కోర్టులో నేరం ఒప్పుకున్నారు. వాళ్లకీ మనం చెప్పుకుంటున్న హాబీదారుకీ తెలివిలో తేడా లేదు, ఎవరి మెషీన్ మీద పరీక్షించారన్నదే తేడా. సాధన చేయడానికి కావాలని లోపాలతో తయారు చేసిన మెటాస్ప్లాయిటబుల్, జ్యూస్ షాప్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి, వర్చువల్ మెషీన్‌లో వేసుకుని ఎంతైనా పొడవండి. స్కాన్ చేసి చూసుకోమని ఎన్‌మ్యాప్ వాళ్లే స్కాన్‌మీ అనే సర్వర్ ఒకటి ఉంచారు.

మూడో ప్రశ్న ఇంట్లో పెద్దవాళ్లు అడిగేది. ఇవన్నీ చేస్తే ఉద్యోగం వస్తుందా? సర్టిఫికెట్లకు విలువ లేదని నేను అనను. మొదటి వడపోతలో చాలా కంపెనీలు వాటినే చూస్తాయి, ఆ గేటు దాటడానికి ఒకటి సంపాదించుకోవడంలో తప్పులేదు. కానీ గేటు దాటాక ఇంటర్వ్యూ చేసే ఇంజనీరు అడిగేది వేరుగా ఉంటుంది. మీరు పంపిన ప్యాచ్, దాని మీద వచ్చిన అభ్యంతరాలు, వాటికి మీరిచ్చిన జవాబు, మూడోసారి తిరగరాసిన తీరు, ఇవన్నీ తేదీలతో సహా అందరికీ కనిపించే రికార్డుగా ఉండిపోతాయి. చెప్పుకునే పని లేకుండా చూపించగలిగిన అనుభవం అది. అయితే తొందరపడే వాళ్లకు ఈ దారి సరిపడదని కూడా చెప్పాలి. స్వీడన్‌కి చెందిన డేనియల్ స్టెన్‌బెర్గ్ 1990లలో చాట్‌లో కరెన్సీ మారకం రేట్లు చూపించే చిన్న ప్రోగ్రామ్ కోసం, ఇంకొకరు రాసిన కొద్దిపాటి కోడ్ తీసుకుని పెంచడం మొదలుపెట్టాడు. నెట్ నుంచి డేటా తెచ్చిపెట్టే ఆ సాధనానికి 1998 మార్చిలో కర్ల్ అని పేరు పెట్టాడు. ఈ రోజు ఫోన్లలో, కార్లలో, టీవీల్లో వందల కోట్ల చోట్ల ఉంది. దాన్ని ఆయన ఉద్యోగం పక్కన తీరిక వేళల్లోనే చాలా ఏళ్లు నడిపాడు, పూర్తికాలం దాని మీదే పనిచేయడం 2019లో మొదలైంది. అందరికీ ఇరవై ఏళ్లు పట్టదు, పట్టకూడదు కూడా. కానీ ఒక్క చిన్న సాఫ్ట్‌వేర్‌ని ఎంచుకుని రెండేళ్లు దాని దగ్గరే ఉండగలిగినవాళ్లు, పదింటిని పలకరించి వెళ్లినవాళ్లకంటే చాలా ఎక్కువ నేర్చుకుంటారు. ఎందుకంటే రెండేళ్లున్నవాళ్లకే దాని నడక తెలుస్తుంది.

ఇప్పుడు ఏఐ వచ్చింది కదా, లోపాలు అదే కనిపెడుతుంది, మనం ఎందుకు అన్నది తాజా అభ్యంతరం. దీనికి కర్ల్‌లోనే జవాబుంది. ఏఐ చేత రాయించి, చదివి చూసుకోకుండా పంపిన ఉత్తుత్తి లోపాల నివేదికలతో తమ సమయమంతా పోతోందని స్టెన్‌బెర్గ్ బహిరంగంగానే మొరపెట్టుకున్నాడు. లేని ఫంక్షన్లలో లేని లోపాలు, చూడటానికి మాత్రం పద్ధతిగా ఉంటాయి. అదే కర్ల్‌కి 2025లో ఏఐ సాధనాలను అర్థం చేసుకుని వాడినవాళ్ల నుంచి నిజమైన లోపాల జాబితాలు వచ్చాయి, వాటిని దిద్దారు కూడా. సాధనం ఇద్దరి దగ్గరా ఒకటే. వచ్చిన వంద అనుమానాల్లో ఏది నిజమో తేల్చగలిగినవాడికి అది బలం, తేల్చలేనివాడు ఇంకొకరికి భారం. తేల్చడానికి కావలసింది మళ్లీ ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా ఎలా నడుస్తుందన్న ఎరుకే.

చివరిగా భాష. డాక్యుమెంట్లూ చర్చలూ ఇంగ్లీషులో ఉంటాయి, జిల్లాల్లో తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు అది అడ్డు కాదని నేను బుకాయించను. కాకపోతే బగ్ రిపోర్టు రాయడానికి కావలసిన ఇంగ్లీషు చాలా కొద్ది, అది పదే పదే వచ్చే ఇరవై ముప్ఫై వాక్యాల ఇంగ్లీషు. మరోవైపు మనకు మాత్రమే ఉన్న బలం ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం కనబడగానే ఐఫోన్లు కుప్పకూలాయి. మనం రోజూ రాసే 'జ్ఞా' కాదది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, దాని తర్వాత దీర్ఘం, ఈ వరసలో వస్తే ఐఓఎస్ 11.2.5లో అక్షరాలు పేర్చే భాగం మెమరీని పాడుచేసుకునేది. ఆపిల్ 11.2.6తో దిద్దింది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇలాంటి వరసలున్నాయని తర్వాత తేలింది. ఒత్తులూ గుణింతాలూ కలిసే తీరు ఒంటబట్టిన మనిషికి ఇలాంటి చోట్లు వెతకడం, ఆ లిపి తెలియని ఇంజనీరుకన్నా ఎంతో సులువు. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్‌లలో అక్షరాలు పేర్చే హార్ఫ్‌బజ్ ఓపెన్ సోర్సే. లినక్స్‌ని తెలుగులోకి తేవడానికి హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఏళ్లుగా పనిచేస్తోంది. తెలుగు తెలిసిన పరీక్షకుల కొరత రెండుచోట్లా ఉంటుంది.

అలా ఏదైనా దొరికినప్పుడు, ఏ వెర్షన్‌లో, ఏ సిస్టమ్ మీద, ఏం చేస్తే, ఏం జరగాల్సింది, దానికి బదులు ఏం జరిగింది అన్నవి వరసగా రాయండి. ఇంకొకరు ఆ అడుగులే వేస్తే అదే ఫలితం రావాలి. మామూలు బగ్ అయితే అందరికీ కనిపించేలా పెట్టవచ్చు. భద్రతకు సంబంధించిందని అనుమానం వచ్చినా సరే, బహిరంగంగా పెట్టకండి. చాలా ప్రాజెక్టుల కోడ్‌లో సెక్యూరిటీ అనే పేరుతో ఒక ఫైలు ఉంటుంది, ఏకాంతంగా ఎవరికి రాయాలో అందులో ఉంటుంది. జవాబు రాకపోతే కొన్ని రోజులాగి మళ్లీ రాయండి, అవతల ఉన్నది బహుశా పగలంతా ఉద్యోగం చేసి రాత్రి కూర్చున్న ఒక్క మనిషి. అప్పటికీ కదలిక లేకపోతే మన దేశంలో కంప్యూటర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఇలాంటి నివేదికలు తీసుకుని తయారీదారులతో మాట్లాడుతుంది. దిద్దుబాటు విడుదలయ్యాక ఆ ప్యాచ్ తెరిచి, మీరు ఊహించిన చోటే మార్చారో లేదో సరిచూసుకోండి.